అల్లుడికి ఉత్తరం: పోయేదెంతో ముందు రాసుకో

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

రొయ్యల చెరువు పట్టుబడిలో ఖర్చులు పోను 4 లక్షలు మిగిలాయనీ, అమెరికాలో పెట్టుబడుల ఫండ్ నడిపే మొహనీష్ పబ్రాయ్ మాటలు వింటున్నావనీ, ఆయన కొన్న షేర్లే కొంటాననీ రాశావు. ఆయన షేర్లు కాదబ్బాయ్, ఆయన లెక్క వేసే తీరు పట్టుకో.

1964లో ముంబయిలో పుట్టి, 1983లో చదువుకని అమెరికా పోయిన మనిషి. 1991లో ట్రాన్స్‌టెక్ అనే కంప్యూటర్ సేవల కంపెనీ పెట్టాడు. రిటైర్మెంట్ ఖాతాలోంచి 30 వేల డాలర్లు, క్రెడిట్ కార్డుల మీద 70 వేలు, అదీ పెట్టుబడి. చాలామంది దీన్ని తెగువ అంటారు. నాకు లెక్కే కనిపిస్తుంది. మునిగితే అక్కడి చట్టం ప్రకారం దివాలా రాసిచ్చి మళ్లీ ఉద్యోగంలో చేరొచ్చు. తేలితే ఎంత వస్తుందో హద్దు లేదు. 2000లో ఆ కంపెనీని 2 కోట్ల డాలర్లకు అమ్మాడు. ఈ అప్పు ముక్క మాత్రం నువ్వు కాపీ కొట్టొద్దు. మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఏటా తప్పకుండా అంతకు మించి పండే షేరు లేదు. పైగా అప్పు నోటు మీద సంతకం మీ నాన్నది, తాకట్టు ఆయన పొలం.

ముందు ఆ 4 లక్షల్లోంచి వచ్చే పంట సీడుకీ, మేతకీ, కరెంటు బిల్లుకీ కావాల్సింది తీసి పక్కన పెట్టు. మిగిలినదాంట్లో మూడేళ్ల దాకా అవసరం పడనిదే షేర్లకు. దాన్ని పది భాగాలు చెయ్యి. ఒక కంపెనీకి ఒక భాగం మించొద్దు.

ఇక ధర కట్టడం. ఏప్రిల్‌లో పొదలకూరు మార్కెట్‌లో నిమ్మకాయల బస్తా రేటు చూసి తోటకు ధర కట్టేవాణ్ని ఏమంటాం? అయిదేళ్ల కాపు సగటు తీసి, కూలీ, ఎరువు, బోరు ఖర్చు పోను చేతికెంతో చూస్తాం గదా. కంపెనీకీ అదే పద్ధతి. 1 కోటి షేర్లున్నాయి, షేరు 120 రూపాయలు అనుకో. మొత్తం 120 కోట్లు. 30 కోట్ల అప్పు ఉంటే కలుపు, 10 కోట్ల నగదు ఉంటే తీసెయ్. 140 కోట్లు. కంపెనీ మొత్తానికి నువ్వు కట్టే ధర ఇదీ. తర్వాత వార్షిక నివేదికలో నగదు ప్రవాహాల పేజీ తియ్యి. వ్యాపారంలో వచ్చిన నగదులోంచి యంత్రాలకూ షెడ్లకూ పెట్టింది తీసేసి, అయిదేళ్ల సగటు కట్టు. 20 కోట్లు తేలితే ఏడేళ్లకు పెట్టుబడి వెనక్కి వస్తుంది, ఇంకా లోతుగా చదువు. 6 కోట్లే అయితే బ్యాంకు డిపాజిట్టే నయం. నివేదికలు ముంబయి షేరు మార్కెట్ బీఎస్‌ఈ సైటులో ఉచితంగానే దొరుకుతాయి.

లాభం అంకె ఒక్కటే ఎందుకు నమ్మకూడదో నీకు వేరే చెప్పాలా? మేత బస్తాలు డీలరుకు అప్పు మీద పోతాయి, డీలరు రైతుకు అప్పిస్తాడు, వసూలు పట్టుబడి అయ్యాకే. చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలితే ఎవరి దగ్గరా పైసా ఉండదు. కంపెనీ మాత్రం సరుకు డీలరుకు చేరగానే అమ్మకం రాసేసుకుంటుంది. అందుకే అమ్మకాలు 10 శాతం పెరిగి, రావాల్సిన బాకీలు 40 శాతం పెరిగిన చోట ఆగు. ఇంకో మాట. తెలిసిన వ్యాపారమే కొనమంటారని రొయ్యల షేర్లు కొనేవు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్టునా, షేరు మార్కెట్లోనా దెబ్బ ఒకేసారి పడింది. నీ చెరువే నీ రొయ్యల షేరు, అది చాలు.

పెద్దవాళ్లు కొన్నవి చూడాలంటే, మన షేరు మార్కెట్లో ఉన్న ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి, ఆ మూడు నెలలు ముగిసిన 21 రోజుల్లో, 1 శాతం పైన షేర్లున్న వాళ్ల పేర్లు బయటపెడుతుంది. అమెరికాలో పెద్ద ఫండ్లకు 45 రోజులు. నువ్వు చదివేసరికి పబ్రాయ్ అమ్మేసి ఉండొచ్చు. కొన్న కారణం ఆ కాగితంలో రాసి ఉండదు.

ఆయనా దెబ్బ తిన్నవాడే. డెల్టా ఫైనాన్షియల్ అనే ఇళ్ల అప్పుల కంపెనీలో పెట్టింది, 2007 డిసెంబరులో అది దివాలా తీయడంతో ఊడ్చుకుపోయింది. ఆ తర్వాతే, పైలట్లు విమానం లేపే ముందు చూసుకునే జాబితాలాంటిది తనూ రాసుకున్నాడు. నీకు ఇప్పటికి నాలుగు ప్రశ్నలు చాలు. రెండేళ్లు అమ్మకాలు పడినా అప్పు కట్టగలదా? యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టారా? ఆడిటరు మధ్యలో మానేశాడా? ఒక్క కొనుగోలుదారు మీదే నడుస్తోందా? ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా ఆ కంపెనీ వద్దు.

ఎఫ్ అండ్ ఓ, అంటే షేరు ధర ముందు ముందు ఎటు పోతుందో దాని మీద కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాలు, వాటి జోలికి పోవద్దు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని షేరు మార్కెట్‌ను అదుపు చేసే సెబీయే లెక్క తేల్చింది. నీ డబ్బు తాను నడిపిస్తానని ఎవడైనా వస్తే ఫీజు అడుగు. పబ్రాయ్ తన ఫండ్‌లో ఏటా 6 శాతం లాభం దాకా ఏమీ తీసుకోడు, ఆపైన వచ్చిన దాంట్లో నాలుగో వంతు. ఇది అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ పాత పద్ధతి, కాపీ కొట్టానని ఆయనే చెప్పుకుంటాడు.

ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షల పైన లాభానికి 12.5 శాతం పన్ను, లోపు అమ్మితే 20. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచేటప్పుడు నామినీ గడి ఖాళీగా వదలకుండా అమ్మాయి పేరు రాయి.

మీ మామయ్య,
కావలి