గుడ్డు పెంకులతో డీజిల్ అంటోంది మా అమ్మాయి

పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తండ్రి అడిగారు: "మాస్టారూ, అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. గుడ్డు పెంకులు, అరటి తొక్కల బూడిద పెట్టి వాడేసిన నూనెని డీజిల్ చేస్తుందట, పైచదువు కూడా అందులోనే అంటోంది. మా బావమరిదేమో అరెకరం తోట అమ్మి యూనిట్ పెట్టేద్దాం అంటున్నాడు. ఇంట్లోవాళ్లు బీఈడీ చేయించమంటున్నారు. నాకు ఏదీ పాలుపోవట్లేదు."

అన్నయ్యగారూ, ముందు తోట సంగతి తేల్చేద్దాం. అమ్మకండి. 2018లో తిత్లీ తుఫాను వచ్చి పోయాక ఉద్దానంలో ఒక్కో చెట్టుని ఎలా నిలబెట్టుకున్నారో నాకంటే మీకే బాగా తెలుసు.

ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. నూనెని మిథనాల్ అనే ఆల్కహాల్‌తో కలిపి డీజిల్ చేస్తారు. వంద కేజీల నూనెకి సుమారు 11 కేజీల మిథనాల్ ఖర్చవుతుంది, దగ్గర దగ్గర వంద కేజీల బయోడీజిల్, ఓ పది కేజీల గ్లిజరిన్ వస్తాయి. ఈ పని జరిపించే క్యాటలిస్ట్ మామూలుగా కాస్టిక్ సోడా, అది కేజీ వేస్తే చాలు. మొత్తం ఖర్చులో 70, 80 శాతం నూనెకే పోతుంది. అలాంటప్పుడు సోడా మానేసి ఊరికే దొరికే పెంకు వేసినంత మాత్రాన డీజిల్ చవకైపోతుందా?

మరి అంతమంది సైంటిస్టులు ఈ పెంకుల వెంట ఎందుకు పడ్డారంటే, కాస్టిక్ సోడా మిథనాల్‌లో కరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని వదిలించుకోవడానికి డీజిల్‌ని నీళ్లతో కడగాలి, ఆ మురుగునీళ్లని ఏదో ఒకటి చెయ్యాలి, పైగా బజ్జీల మూకుట్లో పదిసార్లు మరిగిన నూనెలో ఆమ్లాలు పెరిగి ఉంటాయి కాబట్టి సోడా తగలగానే కొంత సబ్బైపోతుంది. గుడ్డు పెంకుని 800, 900 డిగ్రీల దగ్గర కాలిస్తే వచ్చే సున్నం పెద్దగా కరగదు, వడగట్టి మళ్లీ వాడొచ్చు. లాభం అక్కడుంది. చిక్కూ అక్కడే ఉంది. ఆ సున్నానికి గాలి తగిలితే తేమా, కార్బన్ డయాక్సైడూ పీల్చుకుని చచ్చుబడుతుంది. అరటి తొక్క బూడిదకి బలం పొటాషియం, అదీ వాడిన ప్రతిసారీ కొంత కారిపోతుంది. ఆమ్లం మరీ ఎక్కువున్న నూనెకి సున్నం వేసినా సబ్బే. అందుకే అలాంటి నూనెని ముందు యాసిడ్ రకం క్యాటలిస్ట్‌తో ఆమ్లం తగ్గించి దారిలో పెడతారు, ఆ క్యాటలిస్ట్‌ని కొబ్బరి చిప్ప, జీడిపిక్కల తొక్క లాంటివాటిని బొగ్గు చేసి, సల్ఫ్యూరిక్ యాసిడ్ పట్టించి చెయ్యొచ్చు. ఆ తొక్కల గుట్టల మధ్యే కదా మీరు రోజూ తిరిగేది!

కాబట్టి పాపకి నా మాటగా చెప్పండి: డీజిల్ వస్తుందా రాదా అన్నది ప్రాజెక్టు కాదు, వస్తుందని ఎప్పుడో తేలింది. నాలుగు హోటళ్ల నూనె తెచ్చి, ఒక్కోదానిలో ఆమ్లం ఎంతుందో టైట్రేషన్ అనే కొలత పరీక్ష చేసి రాసుకుని, ఒకే క్యాటలిస్ట్‌ని అయిదుసార్లు వాడి, ఎన్నోసారికి డీజిల్ దిగుబడి ఎంత పడిపోయిందో చూపిస్తే అది ప్రాజెక్టు. కాలేజీ ల్యాబ్‌లోనే చెయ్యాలి, ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద మాత్రం అస్సలు వద్దు. మిథనాల్ కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు, అంటుకుంటే పగటిపూట మంట కూడా సరిగ్గా కనిపించదు.

ఇక ఉద్యోగం. "బయోడీజిల్ కెమిస్ట్" అని బోర్డు పెట్టుకుని పిలిచేవాళ్లు మన జిల్లాలో దొరకరు, ఆ భ్రమ వద్దు. కానీ ఈ ప్రాజెక్టులో చేతికొచ్చే పనులు, అంటే టైట్రేషన్లు, శాంపిల్‌లో ఏది ఎంతుందో తేల్చే గ్యాస్ క్రొమటోగ్రఫీ, తప్పుల్లేకుండా రీడింగులు రాయడం, ఇవే పైడిభీమవరం మందుల కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబుల్లోనూ కావాలి. అందుకే ఎమ్మెస్సీ చేయించండి, ఎనలిటికల్ కెమిస్ట్రీ దొరికితే మరీ మంచిది. ఏపీ పీజీసెట్ రాస్తే ఆంధ్రా యూనివర్సిటీకి ప్రయత్నించొచ్చు, ధైర్యం ఉంటే ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ కూడా రాయమనండి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ, అప్పుడు హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, విశాఖలోనే ఉన్న పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ఈ క్యాటలిస్టుల మీదే పనిచెయ్యొచ్చు. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాకా చెయ్యొచ్చు.

మీ బావమరిది గారికి ఒక పని అప్పజెప్పండి. కాశీబుగ్గ నుంచి శ్రీకాకుళం దాకా హైవే హోటళ్లలో ఒక నెల తిరిగి, ఎవరి దగ్గర ఎన్ని లీటర్ల వాడేసిన నూనె మిగులుతోంది, అది ఎవరు కొంటున్నారు, ఎంతకి, రోజూ పుస్తకంలో రాసుకోమనండి. మిథనాల్ నిల్వకి లైసెన్సు ఎలా, బయోడీజిల్ నాణ్యతకి ఉన్న ఐఎస్ 15607 ప్రమాణం ప్రకారం పరీక్ష ఎవరు చేస్తారు, అది కూడా కనుక్కోమనండి. ఆ పుస్తకం నిండాక ఆయన్నే నాతో మాట్లాడమనండి.