కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ గబుక్కున పట్టేస్తుంటే

అన్నా, అలిపిరి దగ్గర క్యూలో క్లచ్ మెల్లగా వదిలినా బైక్ ముందుకు దూకుతోందనీ, క్లచ్ ప్లేట్లు కొత్తవేననీ మీరు అన్నారు కదా. ముందు కేబుల్ చూడండి: బిరుసుగా ఉంటే మార్చండి, లివర్ చివర 10–20 మి.మీ. ప్లే (కేబుల్ బిగుసుకునే లోపు లివర్ వదులుగా కదిలే దూరం) ఉంచండి.

అది బాగుంటే, ప్లేట్లు ఇంజన్ ఆయిల్లో నానబెట్టకుండా పొడిగా బిగించారేమో అడగండి. మన మెకానిక్కులకు అంత ఓపిక ఎక్కడిది! కానీ నా అనుమానమంతా బాస్కెట్ మీదే, అంటే ప్లేట్లు కూర్చునే గిన్నెలాంటి భాగం. ప్లేట్ల అంచున ఉండే చెవులు కొట్టుకుని, బాస్కెట్ చుట్టూ వేళ్లలా ఉండే పట్టీల మీద గాట్లు పడతాయి. ప్లేట్లు అక్కడ ఇరుక్కుని, ఒక్కసారిగా జారి పట్టేస్తాయి. గాటు పైపైనే ఉంటే బాస్కెట్ బయటికి తీసి సన్న ఆకురాయితో నున్నగా రుద్దండి. లోతుగా ఉంటే కొత్తదే. స్టీలు ప్లేట్లు అద్దం మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) వంపు కొలవండి, సాధారణంగా 0.2 మి.మీ. దాటితే పనికిరావు. స్ప్రింగ్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.