అపరాధభావాన్ని బాగా చూపించిన క్లాసిక్ ఏది? నేనైతే ‘రిసరక్షన్’ అంటాను

అపరాధభావం, బాధ్యత గురించి చదవాలంటే ఏ క్లాసిక్ చదవాలని అడిగారు. చాలామంది దస్తయేవ్‌స్కీ ‘నేరము-శిక్ష’ చెప్తారు. నేను మాత్రం 1899లో వచ్చిన టాల్‌స్టాయ్ ‘రిసరక్షన్’ చదవమంటాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక క్లయింట్‌కి వెళ్లే ఫైల్లో పాత అంకెలు అలాగే వదిలేశాను. దాన్ని పంపింది మా జూనియర్. మీటింగ్‌లో మేనేజర్ అతన్ని అందరి ముందు కడిగేశాడు. నేను ఎదురుగా కూర్చుని నోట్‌బుక్‌లో గీతలు గీస్తున్నాను. నోరు పెగల్లేదు. ఆ తర్వాత నిద్ర లేదు, అన్నం సయించేది కాదు. ఇంత బాధపడుతున్నానంటే నేను మంచివాణ్ణే అనుకునేవాణ్ణి. నాలుగు నెలలకు అతను ఉద్యోగం మానేసి వెళ్లిపోతుంటే మెట్ల దగ్గర ఆపి నిజం చెప్పాను.

"ఇది ఆ రోజు ఆయనతో చెప్పాల్సింది అన్నా. ఇప్పుడు నాతో చెప్తే మీ మనసు తేలికవుతుంది. నాకేమొస్తుంది?" అన్నాడు.

తర్వాత చదివిన ‘రిసరక్షన్’లో అదే మాట ఎదురైంది. కథానాయకుడు నెఖ్ల్యూదొవ్ ఒక హత్య కేసులో జ్యూరీలో కూర్చుంటాడు. బోనులో ఉన్నది కత్యూషా, ఒకప్పుడు అతను అనుభవించి, చేతిలో వంద రూబుళ్లు పెట్టి వదిలేసిన అమ్మాయి. చంపే ఉద్దేశం ఆమెకు లేదన్న ముక్క తీర్పులో రాయడం జ్యూరీ మర్చిపోతుంది. దాంతో ఆమెకు నాలుగేళ్ల కఠిన శిక్ష పడుతుంది. పెళ్లి చేసుకుంటానని అతను జైలుకి వెళ్తే, నన్ను అడ్డం పెట్టుకుని నిన్ను నువ్వు కాపాడుకోవాలనుకుంటున్నావని ఆమె మండిపడుతుంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. రెండు రోజులు మళ్లీ తెరవలేకపోయాను.

ఇంకో మాట. పది నిమిషాల వీడియో చూసి, నేరం ఒప్పుకోగానే ‘నేరము-శిక్ష’లో హత్య చేసిన రస్కోల్నికోవ్ మారిపోయాడని రాసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఎనిమిదేళ్ల శిక్షతో సైబీరియా చేరాక కూడా అతనికి చాలాకాలం పశ్చాత్తాపం కలగదు. తట్టుకోలేక ఒప్పేసుకోవడమే తన తప్పనుకుంటాడు. చివరి భాగం చదివితే తెలుస్తుంది. షేక్‌స్పియర్ నాటకంలో రాజును చంపమని భర్తను ఉసిగొల్పిన లేడీ మాక్బెత్ కూడా నిద్రలో చేతులు రుద్దుకుంటుందే తప్ప మెలకువలో ఎవరికీ ఏమీ చెప్పదు. నేను చేసిందీ అంతే.

‘రిసరక్షన్’ పూర్తయిన వారం, ఆ తప్పు నాదేనని మేనేజర్‌కి మెయిల్ రాసి, కాపీ ఆ జూనియర్‌కీ పెట్టాను. అప్పటికే రెండేళ్లు దాటిపోయింది. మేనేజర్ ఒక్క లైన్ రాశాడు. జూనియర్ నుంచి జవాబు రాలేదు.