అవధాని ఒకేసారి ఎనిమిది పనులు చేయరు: గంట కొట్టినవాడి మాట

"అష్టావధానులు ఒకేసారి ఎనిమిది పనులు చేస్తారు కదా, సాధన చేస్తే ఆఫీసు కాల్ వింటూ పరీక్షకి చదువుకోవడం కుదురుతుందా?" అని ఒకరు నన్ను అడిగారు.

నాకు పద్యం రాయడం రాదు. కానీ ఒకసారి మా ఊళ్ళో అష్టావధానానికి, అంటే ఎనిమిది మంది ఒక్కొక్కరు ఒక్కో పరీక్ష పెడితే అవధాని అన్నిటికీ అప్పటికప్పుడు జవాబు చెప్పే సభకి, మనిషి తక్కువైతే ఘంటాగణనానికి నన్ను కూర్చోబెట్టారు. మధ్యమధ్యలో తోచినప్పుడు గంట కొట్టాలి, కొట్టినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టుకోవాలి. ఎన్ని కొట్టానో చివర్లో అవధాని చెప్పాలి.

రెండు మూడు గంటలు అంత దగ్గర నుంచి చూస్తే తెలిసిందేమంటే, ఆయన ఏ క్షణంలోనూ రెండు పనులు చేయలేదు. సమస్య (పద్యంలో ఇమడ్చాల్సిన చిక్కు పాదం) ఇచ్చినాయనకి ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడ వదిలి దత్తపదికి, అంటే ఇచ్చిన పదాలతో పద్యం కట్టే పనికి, వెళ్ళేవారు. తర్వాతి ఆవృత్తిలో (చుట్టులో) వదిలిన చోటే అందుకునేవారు. ఛందస్సు ఆయనకి నడకంత అలవాటు, గణాలు లెక్కపెట్టుకునే పనే లేదు. సంబంధం లేని మాటలతో అవధాని ధ్యాస మళ్ళించే అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరినప్పుడు మాత్రం తొడ మీద తాళం వేస్తున్న వేళ్ళు ఆగిపోయేవి.

మరి గంటల మాటేమిటి? అది వేరే సంగతి. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త మనుషులకి రెండు చెవుల్లో రెండు వేరు వేరు మాటలు వినిపించి, ఒక చెవిలోవి తిరిగి చెప్పమన్నాడు. రెండో చెవిలో మగ గొంతు ఆడ గొంతుగా మారితే పట్టుకున్నారు. ఇంగ్లీషు కాస్తా జర్మన్ అయిపోతే మాత్రం చాలామందికి తెలియనే లేదు. అంటే శబ్దం లోపలికి వస్తుంది, అర్థం చాలావరకు గుమ్మం బయటే ఆగిపోతుంది. గంటకి అర్థంతో పని లేదు. మీ కాల్‌కీ, పుస్తకానికీ రెంటికీ కావాలి. అందుకే ఆ రెండూ కలిసి సాగవు. మాటల్లేని వీణ పెట్టుకుంటానంటే అంత అభ్యంతరం లేదు.

పని మార్చినప్పుడు పాత పని తాలూకు ఆలోచన గిన్నెకి అడుగంటినట్టు కొంత మిగిలిపోతుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీనికి 'అటెన్షన్ రెసిడ్యూ' అని పేరు పెట్టారు. సగంలో వదిలిన పని ఎక్కువ అంటుకుంటుందట. అవధాని పాదం పూర్తి చేశాకే కదలడంలో ఉన్న సుఖం నాకప్పుడు అర్థమైంది. ఇప్పుడు నేనూ ఫోన్ ఎత్తే ముందు, చేస్తున్న లెక్క ఎక్కడ ఆగిందో, తర్వాత ఏం చేయాలో పెన్సిల్‌తో ఒక ముక్క రాసుకుంటాను. కాల్ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూసుకునే బాధ తప్పింది.

ఇంతకీ ఆ రోజు లెక్క. ధారణ (పద్యాలన్నీ చివర్లో గుర్తుంచుకుని చదవడం) అయ్యాక అవధాని "పదిహేడు" అన్నారు. నా కాగితం మీద పదహారు గీతలు. అప్రస్తుత ప్రసంగి జోకుకి అందరితోపాటు నేనూ పడి పడి నవ్వాను కదా, అప్పుడు కొట్టిన గంటకి గీత పెట్టలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కూడా వేళ్ళు మడిచి లెక్కపెట్టారట, ఆయనకీ పదిహేడే వచ్చింది.