రిచీ స్ట్రీట్‌లో "రెండూ ఒకటే సార్" అంటే ఆగండి

మీ తమ్ముడు చెన్నైలో బీటెక్ రెండో ఏడు, చేతిలో యాభై ఐదు వేలు, పాత మానిటర్ ఒకటి ఉంది, రోజూ వాలరెంట్, అప్పుడప్పుడు జీటీఏ 5, ఇకమీదట పెద్ద గేములు కూడా ఆడాలని కోరిక. గేమింగ్ పీసీకి పార్టులు కొనడానికి చెన్నై కంప్యూటర్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్తే ఏం అడగాలి, ఎక్కడ దెబ్బ తింటాం అన్నది మీ ప్రశ్న.

నేను నెల్లూరు వాణ్ణి, ఉద్యోగం కోసం చెన్నై వచ్చి వేళచ్చేరిలో స్థిరపడ్డాను. ఆ వీధిలో నాకోసం రెండుసార్లు, స్నేహితుల కోసం ఐదారుసార్లు పార్టులు కొన్నాను. మోసం అనేంత పెద్ద మాట వాడను గానీ, నాకు తగిలిన దెబ్బలన్నీ దాదాపు ఒకే మాటతో మొదలయ్యాయి: "రెండుమే ఒణ్ణుదాన్ సార్." రెండూ ఒకటే సార్. మీరడిగింది స్టాకు లేదు, దాని పక్కది ఉంది, పేరులో ఒక్క అక్షరం తేడా, అంతే అంటారు. ఆ ఒక్క అక్షరం దగ్గరే మన డబ్బు పోయేది.

2022లో రైజెన్ 5 5600 అనే ఏఎండీ ప్రాసెసర్ కోసం వెళ్లాను. లేదన్నాడు. 5600జీ చేతిలో పెట్టి, ఇదీ ఆరు కోర్లే, పైగా లోపలే గ్రాఫిక్స్ ఫ్రీ అన్నాడు. గ్రాఫిక్స్ కార్డుల ధరలు ఇంకా మండుతున్న రోజులు. కార్డు తర్వాత చూద్దాంలే అనుకుంటున్నవాణ్ణి, లాభమే కదా అని తీసుకున్నాను. ఏడాది తర్వాత ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాక అసలు సంగతి తెలిసింది. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5600జీలో 16 మాత్రమే. క్యాష్ చిన్నదైతే ప్రాసెసర్ మాటిమాటికీ ర్యామ్ దాకా పోవాల్సి వస్తుంది, గేముల్లో అది బాగా కనబడుతుంది. పైగా కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారైన పీసీఐఈ 5600లో 4.0 అయితే, 5600జీ 3.0 దగ్గరే ఆగిపోతుంది. వాలరెంట్ కార్డు కన్నా ప్రాసెసర్‌నే ఎక్కువ పిండే గేమ్. మా రూమ్మేట్ 5600 కొన్నాడు, కార్డు ఇద్దరిదీ ఒకటే, ఫ్రేములు (సెకనుకి వచ్చే బొమ్మలు) మాత్రం వాడికే ఎక్కువ.

ఇందులో నా తెలివితక్కువతనం కూడా కొంత ఉంది. కార్డు రాకముందు లోపలి గ్రాఫిక్స్‌తోనే ఆడేవాణ్ణి కాబట్టి, దానికి మెమరీ ఎక్కువ ఇచ్చి, ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పెట్టుకున్నాను. కార్డు బిగించాక హెచ్‌డీఎంఐ కేబుల్‌ని అలవాటుగా మదర్‌బోర్డుకే గుచ్చాను. స్క్రీన్ వచ్చేసింది. రెండు రోజులు ఆడి, ఇరవై వేలు పోసినా ఇంతేనా అని కార్డుని తిట్టుకున్నాను. 5600 అయ్యుంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి స్క్రీన్ నల్లగా ఉండి, తప్పు అప్పుడే దొరికేది. మీ తమ్ముడికి ముందే చెప్పండి: కేబుల్‌ని మదర్‌బోర్డుకి కాదు, దాని కిందనున్న గ్రాఫిక్స్ కార్డుకి గుచ్చాలి.

కాబట్టి ప్రాసెసర్ రైజెన్ 5 5600, లేదంటే ఇంటెల్ ఐ5-12400ఎఫ్. 5500 ఇస్తామంటే వద్దనండి, అది 5600జీకి తమ్ముడే, క్యాష్ 16 ఎంబీ. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. మీరెలాగూ కార్డు కొంటున్నారు, ఫర్వాలేదు. 5600, 12400ఎఫ్ రెండూ 2022 నాటివి, అందుకే మన బడ్జెట్‌లోకి దిగాయి. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 తీసుకోండి, ముందు ముందు అప్‌గ్రేడ్ ఉంటుందని చాలామంది అంటారు. నిజమే, కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, బోర్డు ధర కూడా ఎక్కువ. ఆ తేడా గ్రాఫిక్స్ కార్డులోంచే కోయాలి. బీటెక్ అయ్యేదాకా నడిస్తే చాలు, ఉద్యోగం వచ్చాక వాడే మార్చుకుంటాడు. 5600 కూర్చునే పాత సాకెట్ ఏఎం4కే నా ఓటు. దానికి మదర్‌బోర్డు బీ550 రకం దొరికితే మంచిది, బీ450 అయినా పని నడుస్తుంది.

ర్యామ్ ధరల గురించి నా పాత బిల్లు చూపిస్తే మీరు నవ్వుతారు. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం లాగేసుకుంటుంటే ధరలు పైకి పోయాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండును వినియోగదారుల మార్కెట్ నుంచే తీసేస్తున్నట్టు ప్రకటించింది. అందుకే పార్టు పార్టుకీ ధర నేను చెప్పను, వెళ్లే ముందు రాత్రి ఆన్‌లైన్‌లో చూసి రాసుకోండి. ర్యామ్ 16 జీబీ, అదీ 8 జీబీవి రెండు. ఒకటే 16 పెడితే సింగిల్ ఛానల్‌లో, అంటే ఒకే దారిలో నడుస్తుంది, ఫ్రేములు పడిపోతాయి. ఇంటికొచ్చాక బయాస్‌లో ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేయకపోతే 3200 మెగాహెర్ట్జ్‌కి కొన్న ర్యామ్ 2666 దగ్గరో 2400 దగ్గరో కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ చాలు.

గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ "ఒకటే సార్" రోగం మరీ ఎక్కువ. ఆర్‌టీఎక్స్ 3050 అని అడిగితే రెండు వేరే కార్డులున్నాయి. 2022లో వచ్చింది 8 జీబీ, 128 బిట్ బస్ (మెమరీకి దారి వెడల్పు). 2024లో వచ్చింది 6 జీబీ, 96 బిట్, కోర్లు కూడా తగ్గించారు. డబ్బా మీద పేరు ఒకటే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ పేరు 6600కి చెల్లెల్లా వినిపిస్తుంది గానీ మెమరీ 4 జీబీ, పీసీఐఈ లేన్లు నాలుగే. బీ450 లాంటి 3.0 బోర్డులో పెడితే ఉన్న దారి కూడా సగమవుతుంది. ఆర్‌ఎక్స్ 580లో 2048ఎస్‌పీ అని ఒకటి తిరుగుతుంటుంది, అసలు 580లో షేడర్లు (కార్డు కోర్లు) 2304. ఇవి చాలావరకు కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించే మైనింగ్‌లో రాత్రింబవళ్లు కాలినవి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ కార్డులు అక్కర్లేని పద్ధతికి మారాక మైనింగ్ చేసేవాళ్లు కార్డుల్ని గంపగుత్తగా అమ్మేశారు, వాటిని తుడిచి కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవాళ్లకు కొదవ లేదు. మీ డబ్బుకి ఆర్‌ఎక్స్ 6600 అడగండి: 8 జీబీ, 132 వాట్లు, పవర్ కేబుల్ ఒకటి చాలు. మొత్తం బడ్జెట్‌లో మూడో వంతుకు పైగా దీనికే పోనివ్వండి.

ఇంకో ఆఫర్ కూడా తగులుతుంది. ఇరవై వేలకే ఐ7, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల ఫ్యాన్లు. ఆ ఐ7 ఎన్నో తరమో అడగండి. 3770 అంటే 2012 నాటిది. కార్డు జీటీ 730 అయితే 2014ది. మా స్నేహితుడి తమ్ముడు ఇలాంటిదే కొని వాలరెంట్ వేస్తే గేమ్ తెరుచుకోనే లేదు. విండోస్ 11 మీద వాలరెంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండాలి. పోనీ విండోస్ 10తో నెట్టుకొద్దామంటే మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్‌లో దాని సపోర్టు ఆపేసింది.

పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం బేరం వద్దు. నా మొదటి పీసీకి క్యాబినెట్‌తో పాటు ఎస్‌ఎంపీఎస్ ఊరికే వచ్చింది, మీద 450 వాట్స్ అని పెద్ద స్టిక్కర్. మే నెలలో ఓ సాయంత్రం కరెంటు పోయి రాగానే టప్ మని శబ్దం, కాలిన వాసన. తనతో పాటు మదర్‌బోర్డునీ తీసుకుపోయింది. తర్వాత ఆ స్టిక్కర్ చదివితే 12 వోల్ట్ లైను పక్కన 16 ఆంపియర్లు అని ఉంది. 12ని 16తో గుణించండి, 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు కరెంటు తాగేది ఆ లైను నుంచే. 5600, ఆర్‌ఎక్స్ 6600 కలిపితేనే రెండు వందలు దాటుతుంది. షాపులో స్టిక్కర్ మీద వాట్లు చూడొద్దు, ఈ గుణకారం చేయండి. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తు), 550 వాట్స్, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి.

క్యాబినెట్‌కి ముందు జాలీ ఉండాలి. అద్దం మూతవి షాపు లైట్లలో పెళ్లికొడుకుల్లా ఉంటాయి. చెన్నైలో కత్తిరి వెయిల్ (నడి ఎండాకాలం) రోజుల్లో ఏసీ లేని గదిలో పెట్టి చూడండి, గాలి ఆడక లోపలంతా ఉడికిపోతుంది.

వేళచ్చేరి వైపు నుంచి వచ్చేవాళ్లకి ఎంఆర్‌టీఎస్ రైలెక్కి చింతాద్రిపేటలో దిగడం తేలిక. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి, శనివారం పొద్దున్నే పంపండి. లెక్క కుదిరాక "బిల్ వేణుమా సార్", బిల్లు కావాలా అని అడుగుతారు. వద్దంటే 18 శాతం జీఎస్‌టీ మిగిలినట్టుంటుంది గానీ కార్డు పోయిన రోజు వారంటీకి ఆ కాగితమే ఆధారం. సీరియల్ నంబర్లు బిల్లులో రాయించండి. ప్రాసెసర్ సీల్ ఉన్న డబ్బాలోదే కావాలనండి. వాళ్ల చేతే బిగించి ఆన్ చేయించి, సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ పేరు, జీపీయూ-జెడ్‌లో కార్డు పేరు చూశాకే డబ్బు ఇవ్వమనండి. ఆటోలో తెచ్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి దాని డబ్బాలో పెట్టుకోవాలి. మన రోడ్ల గుంతలకి ఆ స్లాట్ తట్టుకోలేదు.

ఒకటి మీరు చెప్పలేదు, ఆ పాత మానిటర్ ఎన్ని హెర్ట్జ్, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు చూపిస్తుంది? 60 అయితే వాలరెంట్‌లో కార్డు రెండు వందల ఫ్రేములు తీసినా కంటికి అందేది అరవయ్యే. అలాగైతే ఆర్‌జీబీ ఫ్యాన్లూ, బోర్డు మీద వైఫై లాంటివన్నీ తీసేసి, ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం పోకుండా, 144 హెర్ట్జ్ మానిటర్‌కి ఎంత మిగులుతుందో చూడాలి. మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.