నెలకు మూడు వేల పెట్రోలేనా?

ప్రశ్న: ఉండేది కూకట్‌పల్లిలో. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను. 2022లో 9.2 లక్షలకు కొన్న పెట్రోల్ కారు ఏడాదికి 5 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. అందులో నాలుగుసార్లు ఖమ్మం వెళ్లిరావడం. లోను తీరిపోయింది. ఇప్పుడు 5.6 లక్షలు ఇస్తామంటున్నారు. నెలకు 3 వేల పెట్రోలే కదా, ఉంచుకుని కాస్త తక్కువ తిప్పితే చాలదా అంటున్నారు ఇంట్లో.

జవాబు: పెట్రోలు ఏడాదికి 36 వేలు, నిజమే (లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలు). మిగతావీ వేయండి. వచ్చే ఏడాదికి కారు ధర ఇంకో 60 వేలు పడిపోతుందనుకుందాం. ఇన్సూరెన్స్ 16 వేలు, సర్వీసింగ్ 8 వేలు. బ్యాటరీ, టైర్లు ఎప్పుడో మారుస్తాం కాబట్టి గుర్తుండవు; ఏడాదికి పంచితే 5,500. ఆ 5.6 లక్షలు 6.5 శాతం ఎఫ్‌డీలో ఉంటే పన్నుకు ముందు 36 వేలు వచ్చేవి. మొత్తం 1,61,500. కిలోమీటరుకు 32 రూపాయలు పడుతోంది, అందులో పెట్రోలు 7.

కాబట్టి సగమే తిప్పినా మిగిలేది 18 వేలు. ఇంజన్ ఆయిలు, తిరిగినా తిరక్కపోయినా, ఏడాదికోసారి మార్చాల్సిందే. సెల్లారులో వారాల తరబడి కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఛార్జింగ్ ఎక్కదు. కారు పెట్టుకుని క్యాబెక్కడం రెండు చోట్లా కట్టడమే. ఉంచుకుంటే తిప్పండి, లేదా అమ్మేయండి.

అమ్మితే? ఖమ్మం ప్రయాణాలు పోను ఊళ్లో తిరిగే 3,400 కిలోమీటర్లు క్యాబుల్లో, కిలోమీటరుకు 22 చొప్పున 75 వేలు. ఖమ్మానికి నాలుగుసార్లు, మూడేసి రోజులు, రోజుకు 2,500 అద్దె కారు, పెట్రోలుతో కలిపి 41 వేలు. మొత్తం 1.16 లక్షలు. 45 వేలు మిగులుతాయి. నేనైతే అమ్మేయమంటాను. ఇంట్లో తరచూ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పెద్దవాళ్లుంటే మాత్రం ఈ 45 వేల కోసం ఆ వెసులుబాటు వదులుకోకండి. సంక్రాంతికి అద్దె కారు చివర్లో దొరకదు, ముందే బుక్ చేసుకోవాలి.

అమ్మే ముందు ఆర్‌సీ చూసుకోండి. లోను తీరినంత మాత్రాన హైపోథికేషన్ (కారు బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) దానంతటది పోదు; అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీతో ఫారం 35 ఇచ్చి తీయించాలి. కారును కొన్నవాళ్ల పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి ఊరుకోకండి. ఆర్‌సీ కొన్నవాళ్ల పేరుకు మారేదాకా యాక్సిడెంట్ జరిగితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుది కాదు, మీది. ఆ బోనస్ ఉందని బీమా కంపెనీ నుంచి లెటరు రాయించుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు.