డైల్యూషన్ రంధ్రాలు పెంచితే వేడి సర్దుకుంటుందా?

గ్యాస్ టర్బైన్ కంబస్టర్ (ఇంధనం మండే గది) అవుట్‌లెట్ దగ్గర వేడి సమంగా రావట్లేదు, డైల్యూషన్ రంధ్రాలు (వేడి వాయువులో చల్లగాలి కలపడానికి గోడకు పెట్టేవి) ఇంకొన్ని పెడితే సరిపోతుందా అని అడిగారు. అనంతపురంలో ఎం.టెక్ చేసేటప్పుడు నేనూ అదే చేసి చేయి కాల్చుకున్నాను. సిమ్యులేషన్‌లోనే లెండి.

నాది చిన్న క్యాన్ కంబస్టర్ (గొట్టం ఆకారంలో ఉండేది) మోడల్, 16 రంధ్రాలు. మొదటి అవుట్‌లెట్ బొమ్మ చూడగానే పరధ్యానంగా కాల్చిన జొన్నరొట్టె గుర్తొచ్చింది. నడుమ మాడింది, అంచులు పచ్చి. ఈ తేడాకు కొలత ప్యాటర్న్ ఫ్యాక్టర్: గరిష్ఠంలోంచి సగటు తీసేసి, సగటుకూ లోపలికొచ్చే గాలికీ ఉన్న తేడాతో భాగించాలి. గాలి 600 కెల్విన్, సగటు 1400, గరిష్ఠం 1680 అనుకోండి, 0.35 వస్తుంది. అది ఎక్కువే. 0.2 దగ్గరికైనా దించాలి.

మొత్తం వైశాల్యం మార్చకుండా 24 చిన్న రంధ్రాలు చేసి రాత్రంతా రన్ పెట్టాను. పొద్దున చూస్తే నడుమ ఎరుపు ఇంకా ముదిరింది! జెట్ (రంధ్రంలోంచి దూసుకొచ్చే గాలి) వేగం రంధ్రాల సంఖ్యను బట్టి రాదు, లైనర్‌కు, అంటే ఆ రంధ్రాలున్న గోడకు, లోపలా బయటా ఉన్న ప్రెషర్ తేడాను బట్టి వస్తుంది. కాబట్టి వ్యాసం తగ్గితే చల్లగాలి గోడను పట్టుకునే పోతుంది, మధ్యదాకా చేరదు. పంతం కొద్దీ 6 పెద్దవి పెట్టాను. ఈసారి జెట్లన్నీ నడిమిలో గుద్దుకుని అక్కడ చల్లబడింది, గోడ పక్కన మాడింది.

అప్పుడు గానీ నాసాలో హోల్డ్‌మన్ వాళ్ల లెక్క తీయలేదు. జెట్‌కూ ప్రధాన ప్రవాహానికీ ఉన్న మొమెంటమ్ ఫ్లక్స్ (సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే వచ్చేది) నిష్పత్తి 'జె'. జెను రెండుతో గుణించి, దాని వర్గమూలాన్ని పై (3.14)తో గుణించి 2.5తో భాగిస్తే క్యాన్‌కు కావలసిన రంధ్రాల సంఖ్య వస్తుంది. నా జె 36, లెక్క 10.7. పదకొండు పెట్టాక రొట్టె కుదిరింది.

సిమ్యులేషన్‌లో సుడుల లెక్కకు కె-ఎప్సిలాన్ మోడల్ వాడుతుంటే ఒక జాగ్రత్త: అది జెట్ల కలయికను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. డిజైన్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది గానీ అంకెను నమ్మి కూర్చోకండి.

ఇంకోటి, అంతటా ఒకే వేడి కావాలని పట్టుబట్టొద్దు. కంబస్టర్ తర్వాత టర్బైన్ మొదట్లో ఉండే గైడ్ వేన్లు కదలవు, వేడి చార ఎక్కడ పడితే అక్కడే కాలుతుంది. వాటికి ప్యాటర్న్ ఫ్యాక్టర్ ముఖ్యం. తిరిగే బ్లేడ్లకు చుట్టూ ఉన్న సగటు వేడే తగులుతుంది, వాటికి చూడాల్సింది బ్లేడు మొదలు నుంచి కొస దాకా వేడి ఎలా మారుతోందని. తిరగడం వల్ల పడే లాగుడు ఎక్కువుండేది బ్లేడు మొదట్లో కాబట్టి అక్కడ కాస్త చల్లగా ఉండడమే మంచిది.

మీ జె, రంధ్రాల సంఖ్య, వ్యాసం కింద రాయండి, లెక్క వేసి చూద్దాం.